పెట్రోల్ ట్యాంకర్ మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని ఎందుకు రాస్తారు?

తణుకు_టీచర్ (శుక్రవారం, రాత్రి 8:40)

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఇవాళ ఎనిమిదో తరగతిలో వ్యతిరేక పదాల పాఠం. కరెక్ట్‌కి ఇన్‌కరెక్ట్, విజిబుల్‌కి ఇన్‌విజిబుల్ అని బోర్డు మీద రాసి, "ముందు ఇన్ చేరిస్తే కాదు, లేదు అని అర్థం" అన్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "టీచర్, పెట్రోల్ ట్యాంకర్ వెనక హైలీ ఇన్‌ఫ్లేమబుల్ అని రాసుంటుంది కదా. మరి పెట్రోల్ అంటుకోదా?" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. వాళ్ల నాన్న ట్యాంకర్ డ్రైవరు, వాడు రోజూ చూసే అక్షరాలవి. నాకు జవాబు తోచక "సోమవారం చెబుతా, కూర్చో" అన్నాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి.

రిటైర్డ్_తెలుగు_పండిట్ (రాత్రి 9:25)

టీచరమ్మా, మీ శిష్యుడు అడగాల్సిందే అడిగాడు. లాటిన్‌లో 'ఇన్'లు రెండు. రాతలో ఒకటే, పుట్టుక వేరు. మొదటిది మన అధర్మంలో 'అ' లాంటిది, కాదని చెప్పేది. రెండోది 'లోపల, లోపలికి, మీద' అని చెప్పేది. ఇంగ్లిష్‌లో 'ఇన్ ద రూమ్' అంటామే, దాని చుట్టం. ట్యాంకర్ మీద ఉన్నది ఈ రెండోది. లాటిన్‌లో ఇన్‌ఫ్లమారె అంటే మంటలోకి దించడం, రగిలించడం. అలా రగలగలిగేది ఇన్‌ఫ్లేమబుల్. ఒంట్లో ఎక్కడైనా వాచి మండితే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. అదీ ఈ కుటుంబమే.

మీవాడికి వచ్చిన అనుమానం పెద్దవాళ్లకీ వచ్చింది. 'మండదట' అనుకుని ఎవడైనా పక్కన బీడీ వెలిగిస్తే ఏమవుతుంది? అందుకే 20వ శతాబ్దంలో అగ్నిప్రమాదాల నివారణ చూసే సంస్థలు 'ఇన్' ఎత్తేసి ఫ్లేమబుల్ అని రాయమని పట్టుబట్టాయి. కాబట్టి ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఒకటే. మండనిది అనాలంటే నాన్‌ఫ్లేమబుల్.

ఇంకో మాట కూడా పిల్లలకి చెప్పండి. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. ఇక్కడ 'ఇన్' నిషేధమే, అయినా అర్థం పొగడ్త. ఆశ్చర్యపోనక్కర్లేదు, మన 'అమూల్యం' కట్టుబడి అచ్చం ఇదే. మూల్యం లేనిదని చెత్తబుట్టలో వేస్తామా?

పద్నాలుగు_టైర్లు (రాత్రి 9:50)

నాకు రెండు ట్యాంకర్లు ఉన్నాయి కాబట్టి ఒక మాట. ఆ ఇంగ్లిష్ మా డ్రైవర్లు ఎవరూ చదవరు. ఎర్రటి డైమండ్ ఆకారంలో మంట బొమ్మ, కింద 3 అంకె, పక్క పలకలో 1203 నంబరు చూస్తారు. 1203 అంటే పెట్రోల్, ఏ దేశంలోనైనా అదే. నంబరుకి ఈ ముందు తగిలించే ముక్కల, అదే ఉపసర్గల గొడవ లేదు :)

గ్రూప్స్_ప్రిపరేషన్ (రాత్రి 10:05)

సార్, ఇదంతా బాగానే ఉంది కానీ పరీక్షలో చరిత్ర అడగరు కదా. అన్, ఇన్, ఇమ్, ఇల్, ఇర్ జాబితా బట్టీ పడితే సరిపోదా? అసలు లీగల్‌కి ఇల్, రెగ్యులర్‌కి ఇర్, పాసిబుల్‌కి ఇమ్ ఎందుకో నాకు ఎప్పుడూ గుర్తుండి చావదు.

రిటైర్డ్_తెలుగు_పండిట్ (రాత్రి 10:30)

గుర్తుండకపోవడానికి కారణం బట్టీయే నాయనా. అవి ఐదు కావు, అన్ పక్కన పెడితే మిగతా నాలుగూ ఒకటే 'ఇన్'. పక్కనున్న హల్లును బట్టి వేషం మారుస్తుంది. మనకి ఇది కొత్తా? ఉత్ + లాసం ఉల్లాసం అయింది. ఉత్ + చారణ ఉచ్చారణ అయింది. సత్ + జనుడు సజ్జనుడు అయ్యాడు. 'త' కారం పక్కవాడి రంగు పూసుకుంది. లాటిన్‌లోనూ అంతే. ఇన్ + లీగల్ ఇల్లీగల్, ఇన్ + రెగ్యులర్ ఇర్రెగ్యులర్. ప, బ, మ ముందు 'న' పలకడం కష్టం, పెదవులు ముందే మూసుకుంటాయి, అందుకే ఇంపాసిబుల్, ఇంబ్యాలెన్స్, ఇమ్మోరల్. సంధి అంటే పదో తరగతిలో భయపడి వదిలేశాం గానీ, ఇంగ్లిష్ స్పెల్లింగు సగం దాని చేతిలోనే ఉంది.

అకామడేట్ స్పెల్లింగు చూడండి. సి అక్షరం రెండుసార్లు, ఎమ్ అక్షరం రెండుసార్లు వస్తాయి. మన ఊళ్లలో లాడ్జి బోర్డుల మీద ఏదో ఒకటి తప్పకుండా ఎగిరిపోతుంది. అక్కడ రెండు ఉపసర్గలు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. మొదట 'యాడ్', అంటే వైపు. తర్వాత 'కామ్', అంటే కలిసి. చివర కొలత అనే అర్థం ఉన్న మోడస్. యాడ్‌లో డి అక్షరం పక్కన ఉన్న సి గా మారింది, అందుకే రెండు సి లు. కామ్ చివరి ఎమ్, మోడస్ మొదటి ఎమ్ కలిసి రెండు ఎమ్ లు. అటెండ్, అప్లై, అఫెక్ట్, అలాట్‌లలో జంట అక్షరాలన్నీ ఈ 'యాడ్' మారువేషాలే. సపోర్ట్, సఫర్, సజెస్ట్‌లలో ఉన్నది 'సబ్'.

గ్రూప్స్_ప్రిపరేషన్ (రాత్రి 10:41)

ముప్పై ఏళ్లు వచ్చాయి, ఇది ఒక్కరూ చెప్పలేదు సార్ ఇప్పటిదాకా.

సూక్ష్మదర్శిని (శనివారం, ఉదయం 7:15)

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా పనిలో ఉపసర్గ తప్పితే మందు తప్పుతుంది. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. ఫోన్లో రెండూ ఒకేలా వినిపిస్తాయి. మా పిన్నికి థైరాయిడ్ పరీక్ష చేయించారు. ఆవిడ రిపోర్ట్‌లో టీఎస్‌హెచ్ అనే హార్మోన్ చాలా ఎక్కువగా ఉంది. ఇంట్లో అందరూ "ఎక్కువ ఉంది కాబట్టి హైపర్" అని తీర్మానించేశారు, ఊళ్లో చుట్టాలకి కూడా అలాగే చెప్పేశారు. నిజానికి అది హైపో. థైరాయిడ్ గ్రంథి మందకొడిగా పని చేస్తుంటే, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి "ఇంకా చెయ్, ఇంకా చెయ్" అని టీఎస్‌హెచ్‌ని ఎక్కువగా వదులుతుంది. పని జరగకపోతే మేనేజర్ ఎక్కువసార్లు ఫోన్ చేసినట్టు. అందుకే చాలామందిలో టీఎస్‌హెచ్ పెరగడమే హైపోకి గుర్తు. పిన్ని చుట్టాల సలహా మీద ఏదో మొదలుపెట్టబోతుంటే ఆపాను.

హైపర్‌టెన్షన్ అంటే మనం బీపీ అని పిలిచేది. 'టెన్షన్ ఎక్కువైతే వచ్చేది' అని చాలామంది అనుకుంటారు. అక్కడ టెన్షన్ అంటే మనసులో గాభరా కాదు, రక్తనాళాల మీద ఒత్తిడి.

పండిట్ గారూ, నాదో సందేహం. లాటిన్‌లో సూపర్, గ్రీకులో హైపర్. లాటిన్‌లో సబ్, గ్రీకులో హైపో. లాటిన్ 'స' గ్రీకులో 'హ' అవుతుందని ఎక్కడో చదివాను. ఇదేనా అది?

ఇందూరు_అన్న (ఉదయం 8:02)

'స'కి 'హ' అంటే మాకు తెలిసిందేనండీ. సప్తాహం, హఫ్తా! మా దిక్కు వారాన్ని హఫ్తా అనే అంటాం, అది పార్శీ మాట. హఫ్త్ అంటే ఏడు. సింధుని హిందూ అన్నదీ వాళ్లే కదా. ఉపసర్గల మాటకొస్తే పార్శీ, అరబ్బీ నుంచి మనకి బోలెడు దిగినయి. బేకారు, బేఫికరు, బేఖాతరు అన్నిట్ల 'బే' అంటే లేకుండా. గైరుహాజరుల 'గైరు' అరబ్బీది. నాలాయకుల 'నా' అంటే కాదని. ఇంగ్లిష్ వాళ్ల 'అన్'కి మనం భయపడుడు ఎందుకు, స్కూల్ రిజిస్టర్లనే ఉన్నది గైరుహాజరు.

రిటైర్డ్_తెలుగు_పండిట్ (ఉదయం 9:10)

హఫ్తా ఉదాహరణ భలే దొరికింది అన్నగారూ. గ్రీకులోనూ అదే జరిగింది. సప్తకి లాటిన్ సెప్టెమ్, గ్రీకు హెప్టా. సమకి గ్రీకు హోమో, హోమోజీనియస్‌లో ఉన్నది అదే. సగం అనే అర్థంలో సంస్కృతంలో 'సామి' అని ఒక పాత మాట ఉంది, దానికి లాటిన్‌లో సెమి, గ్రీకులో హెమి. సెమీఫైనల్, హెమిస్ఫియర్ అలా వచ్చాయి.

కానీ సూక్ష్మదర్శిని గారూ, సూపర్, హైపర్ జతకి ఆ సూత్రం పనిచేయదు. పైకి అలాగే కనిపిస్తుంది, దారి వేరు. అసలు మాట 'ఉ'తో మొదలైంది, సంస్కృతంలో అది అలాగే నిలిచింది: ఉపరి, ఉప. గ్రీకువాడు ముందు ఒక 'హ' ఊది పలికాడు, లాటిన్‌వాడు వేరే కారణంతో ముందు 'స' తగిలించాడు. కాబట్టి హైపర్ మన ఉపరి, హైపో మన ఉప. ఉపరితలం పైది, ఉపగ్రహం చిన్నది. ఇకపై థైరాయిడ్ రిపోర్ట్ వస్తే ఉపరి, ఉప అనుకోండి, ఎప్పుడూ తడబడరు.

మరికొన్ని చుట్టరికాలు: డిసెంట్రీ, డిస్‌లెక్సియాలో గ్రీకు 'డిస్' మన 'దుస్'. పెరిమీటర్‌లో 'పెరి' మన 'పరి'. ప్రోగ్రెస్‌లో 'ప్రో' మన 'ప్ర', ప్రగతి అన్నా అదే. మెగా మన మహా. ఇక ఇంగ్లిష్ 'అన్', లాటిన్ 'ఇన్', గ్రీకు 'అ, అన్', మన 'అ, అన్' ఒకే తల్లి పిల్లలు. అచ్చు ముందు 'అన్' అవడం కూడా రెండుచోట్లా ఒకటే: మనకి అనంతం, అనర్హత, వాళ్లకి అనీమియా, అనార్కీ. హల్లు ముందు ఉత్త 'అ', ఆటమ్ అలాంటిదే. 'టోమోస్' అంటే కోత, ఆటమ్ అంటే కోయరానిది. తర్వాత దాన్ని కోసి పారేశారనుకోండి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

గర్వంగా_తెలుగు (ఉదయం 9:48)

చూశారా! అన్నీ మన సంస్కృతం నుంచే పోయాయి. ఇంగ్లిష్ వాళ్లకి ఉపసర్గలు ఇచ్చింది మనమే. స్కూళ్లలో ఇది చెప్పరు.

రిటైర్డ్_తెలుగు_పండిట్ (ఉదయం 10:20)

నాయనా, తల్లికీ అక్కకీ తేడా ఉంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ అక్కచెల్లెళ్లు, తల్లి ఎప్పుడో పోయింది. 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ చెప్పిందీ అదే. ఈ మూడింటికీ ఒకే మూలం ఉండి ఉండాలి, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదు అని.

ఇంకో సంగతి. అందులో 'మన' అంటున్నావే, తెలుగు ఆ ఇంటిది కాదు. 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఒక వ్యాసం రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదు, వాటిది వేరే కుటుంబం అని పదాలు, ధాతువులు పెట్టి చూపించాడు. ద్రావిడ భాషలన్నిటికీ కలిపి వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ పుస్తకానికి ఇది 40 ఏళ్లు ముందు.

ఆ తేడా పట్టించే గుర్తుల్లో ఒకటి ఉపసర్గే. అచ్చ తెలుగుకి ఉపసర్గలు లేవు. మనం ఏం చెప్పాలన్నా మాట వెనక తగిలిస్తాం. చేస్తాను, చేయను. రావడం, రాకపోవడం. 'కాదు' అన్న సంగతి మనవాడు వాక్యం చివరిదాకా దాస్తాడు. అసాధ్యం అని సంస్కృతంలో ముందే చెప్పేస్తాం, తెలుగులో 'కుదరని పని', 'అయ్యే పని కాదు'.

డల్లాస్_వదిన (ఉదయం 10:55)

పండిట్ గారూ, ఒప్పుకోను! తోడల్లుడు, తోడికోడలు సంగతేంటి? తోడు ఉపసర్గ కాదా? మనవాళ్లు దాన్నే ఇంగ్లిష్‌లోకి దించి కో-బ్రదర్, కో-సిస్టర్ అన్నారు. నేను ఇక్కడ ఆఫీసులో "మా ఆయన కో-బ్రదర్ వస్తున్నాడు, సెలవు కావాలి" అన్నాను. మా మేనేజర్ చాలాసేపు ఆలోచించి, "ఆయనా మీ ఆయనా కలిసి పనిచేస్తారా?" అన్నాడు. తోడల్లుడు అనే చుట్టరికానికి వాళ్లకి మాటే లేదు, బ్రదర్-ఇన్-లాలో అందర్నీ కలిపి కట్టేస్తారు.

ప్రీపోన్ అన్నప్పుడూ అంతే. పోస్ట్‌పోన్‌లో 'పోస్ట్' అంటే తర్వాత, 'పోన్' అంటే పెట్టడం, కాబట్టి ముందు పెడితే ప్రీపోన్. ఇంత చక్కటి మాట అమెరికా వాళ్లకి తెలీదు. మూవ్ అప్ అనాలట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉందని చూపించాక నోరు మూశారు.

రిటైర్డ్_తెలుగు_పండిట్ (ఉదయం 11:30)

అమ్మా, ప్రీపోన్ విషయంలో నేను మీవైపే. లాటిన్ లెక్కన తప్పేమీ లేదు. కానీ తోడు ఉపసర్గ కాదు, సొంత కాళ్ల మీద నిలబడే మాట. 'తోడు రా' అంటాం, పాలు తోడేస్తాం. తోడల్లుడు సమాసం. 'దుర్' ఒక్కటే వాక్యంలో నిలుస్తుందా?

కోడ్_కోటి (మధ్యాహ్నం 12:10)

మరి మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ? 'మొట్ట' ఒక్కటే నిలబడదుగా. దొరికిపోయారు మాష్టారూ!

రిటైర్డ్_తెలుగు_పండిట్ (మధ్యాహ్నం 12:22)

దొరకలేదు. అది మొదట + మొదట. ఒకే మాట రెండుసార్లు అని, మొదటి దాని తోక కోసి రెండు 'ట'లు అతికించాం. చివర + చివర చిట్టచివర, నడుమ + నడుమ నట్టనడుమ. సంధి పేరు చెబితే మీరు పారిపోతారని చెప్పడం లేదు.

కోడ్_కోటి (మధ్యాహ్నం 12:40)

సరే, లొంగిపోయాను. నేనొకటి అడుగుతా. అన్‌లాకబుల్ అంటే తాళం తీయగలిగేదా, తాళం వేయలేనిదా? మా యాప్‌లో ఒక బటన్‌కి ఈ పేరు పెడితే ఇద్దరు టెస్టర్లు రెండు రకాలుగా అర్థం చేసుకుని రెండు బగ్‌లు రాశారు.

రిటైర్డ్_తెలుగు_పండిట్ (మధ్యాహ్నం 1:15)

టెస్టర్లు ఇద్దరూ కరెక్టే, పేరు మార్చండి. 'అన్'లు కూడా రెండు. అన్‌హ్యాపీలో ఉన్నది 'కాదు'. అన్‌లాక్, అన్‌డూ, అన్‌టైలలో ఉన్నది 'చేసింది తిరగదోడడం'. పాత ఇంగ్లిష్‌లో ఈ రెండు వేర్వేరు ఉపసర్గలు, క్రమంగా రూపం ఒకటైపోయింది. విశేషణం ముందు వస్తే ఎక్కువగా మొదటిది, క్రియ ముందు వస్తే రెండోది. 2020 జూన్ 1 నుంచి అన్‌లాక్ 1.0 అన్నారే, అది రెండోది. తెలుగులో ఈ తికమకే లేదు: కట్టని గేదె వేరు, కట్టు విప్పిన గేదె వేరు.

ఏఎన్ఎమ్_అక్క (మధ్యాహ్నం 2:30)

నా వంతు. గర్భిణీలకి చేసే చెకప్‌ని ఏఎన్‌సీ అంటాం, యాంటినేటల్. చాలా చోట్ల రిజిస్టర్ల మీద యాంటీబయాటిక్‌లో యాంటీ లాగా చివర ఐ అక్షరం పెట్టి రాసేస్తారు. అలా రాస్తే పుట్టుకకి వ్యతిరేకం అయిపోతుంది! చివర ఇంగ్లిష్ 'ఈ' (e) అక్షరం ఉండాలి. అది లాటిన్ 'ఆంటె', ముందు అని. యాంటీబయాటిక్‌లోది గ్రీకు 'ఆంటి', ఎదురు అని. గడియారంలో ఏఎమ్ కూడా ఆంటె మెరిడియెమ్, మధ్యాహ్నానికి ముందు. పీఎమ్‌లో పీ అంటే పోస్ట్, తర్వాత. పోస్ట్‌మార్టమ్‌లో పోస్ట్ కూడా ఇదే, పోస్టాఫీసు పోస్ట్ మాత్రం కాదు.

మలేరియా గురించి కూడా చెప్పాలి. మాల్‌న్యూట్రిషన్‌లో 'మాల్' అంటే చెడు. మలేరియా ఇటాలియన్ మాట, చెడుగాలి అని. మురుగు గాలి పీలిస్తే జ్వరం వస్తుందని అప్పట్లో నమ్మేవారు. కాదు, దోమే దాన్ని మోస్తుందని తేలింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. నెపం గాలి మీద నుంచి దోమ మీదికి మారింది కానీ పేరు మారలేదు.

ఇందూరు_అన్న (మధ్యాహ్నం 3:05)

అక్కా, డిసాస్టర్ కూడా అట్లాంటిదే. 'డిస్'కి చెడు అనే అర్థం, 'ఆస్టర్' అంటే నక్షత్రం. చెడు నక్షత్రం. మనం గ్రహచారం బాగలేదంటే మూఢనమ్మకమట, వాళ్లు టీవీల డిసాస్టర్ మేనేజ్‌మెంట్ అంటే సైన్సట.

కోడ్_కోటి (మధ్యాహ్నం 3:40)

కంప్యూటర్ వాళ్ల ఉపసర్గలు మర్చిపోయారు. కిలో గ్రీకులో వెయ్యి, మిల్లి లాటిన్‌లో వెయ్యి. ఒకదాన్ని వెయ్యిరెట్లకీ, ఇంకోదాన్ని వెయ్యో వంతుకీ వాడుకున్నారు. గిగా అంటే రాక్షసాకారుడు, టెరా అంటే భూతం, నానో అంటే మరుగుజ్జు. మీ హార్డ్ డిస్క్‌లో ఉన్నది ఒక భూతం. ఆపైన పేర్లు దొరకలేదేమో, పెంటాలో 'న' తీసేసి పెటా, హెక్సాలో 'హ' తీసేసి ఎక్సా అన్నారు. వెయ్యిని ఐదుసార్లు, ఆరుసార్లు గుణిస్తే వచ్చేవి అవి. 2022లో రొన్నా, క్వెట్టా అని కొత్తవి చేర్చారు.

డల్లాస్_వదిన (సాయంత్రం 6:20)

అంటార్కిటికాలో కూడా 'యాంటీ' ఉందా? మా అబ్బాయి ప్రాజెక్టు.

రిటైర్డ్_తెలుగు_పండిట్ (సాయంత్రం 7:00)

ఉంది. గ్రీకులో ఆర్క్టోస్ అంటే ఎలుగుబంటి. మనం సప్తర్షి మండలం అనే నక్షత్రాల గుంపు వాళ్ల కంటికి ఎలుగుబంటిలా కనబడింది. అది ఉత్తరాన ఉంటుంది కాబట్టి ఉత్తర ధ్రువం వైపు ఆర్కిటిక్, దానికి ఎదురుగా ఉన్నది అంటార్కిటికా. ఆర్క్టోస్, సంస్కృతంలో ఋక్షం ఒకే మాట రెండు రూపాలు. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం కదా. అంటార్కిటికా అంటే జాంబవంతుడికి అవతలి దిక్కు అని రాయించండి, అబ్బాయికి మార్కులు పడతాయో లేదో గానీ టీచరు మర్చిపోదు.

తణుకు_టీచర్ (సోమవారం, సాయంత్రం 5:15)

అందరికీ థాంక్స్. ఇవాళ బోర్డు మధ్యలో గీత గీసి ఒకవైపు 'కాదు ఇన్', ఇంకోవైపు 'లోపలి ఇన్' అని రాశాను. పిల్లల్నే పదాలు వేయమన్నాను. ఇన్‌కమ్, ఇన్‌హేల్, ఇంపోర్ట్ ఒకవైపు, ఇన్‌జస్టిస్, ఇల్లిటరేట్ ఇంకోవైపు చకచకా పడ్డాయి. ఇమ్మిగ్రెంట్ దగ్గర పెద్ద గొడవ. డబుల్ ఎమ్ ఉంది కాబట్టి 'కాదు' అని సగం మంది. వాళ్ల అక్క దుబాయ్‌లో ఉన్న పిల్ల లేచి, "ఇక్కణ్ణించి పోతే ఎమిగ్రెంట్, అక్కడికి చేరితే ఇమ్మిగ్రెంట్, మా అక్క రెండూ" అని తేల్చేసింది. అకామడేషన్ స్పెల్లింగు 42 మందిలో 39 మంది తప్పు లేకుండా రాశారు.

ట్యాంకర్ గారబ్బాయి మాత్రం తృప్తిపడలేదు. గంట కొట్టాక వచ్చి, "టీచర్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇన్ ఏ ఇన్?" అన్నాడు. పండిట్ గారూ...

రిటైర్డ్_తెలుగు_పండిట్ (సాయంత్రం 5:50)

ఇన్‌స్టంట్, టెలిగ్రామ్ కలిపి ఆ పేరు కట్టారు. ఇన్‌స్టంట్‌లో ఉన్నది లోపలి ఇన్, ఇక్కడ దాని అర్థం 'మీద'. 'స్టా' మన స్థా ధాతువే, నిలబడడం. మీద వచ్చి నిలబడినది, అంటే ఇప్పటికిప్పుడు తరుముతున్నది అని.

తణుకు_టీచర్ (సాయంత్రం 5:58)

వాళ్లమ్మ చెబుతోంది, ఫోన్ అచ్చం అలాగే ఉందట వాడి మీద. లోపలి ఇన్ వైపు రాయిస్తాను.